ఎలుకల కండబలం కొలవడం ఎలా? తిరుపతి ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్ల కోసం

డయాబెటిస్ మీదో, స్టెరాయిడ్లు వాడితే కండ కరిగిపోవడం మీదో, ముసలితనం మీదో థీసిస్ మొదలుపెట్టిన వాళ్లకు ఏదో ఒక రోజు గైడ్ నుంచి ఈ మాట వస్తుంది: "కండరం బరువు ఒక్కటే చూపిస్తే చాలదమ్మా, బలం కూడా కొలవాలి." ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ కాలేజీ, ఊరి చుట్టూ ఉన్న ఫార్మసీ కాలేజీలు... తిరుపతిలో ఈ మాట వినే పిల్లలు ఏటా కొత్తగా వస్తూనే ఉంటారు. మీరూ అందులో ఒకరైతే, ఎలుక పట్టు ఎంత బలంగా ఉందో కొలిచే గ్రిప్ మీటర్ స్విచ్ వేసే ముందు ఇది చదవండి.

ఒక విషయం మొదటే మనసులో పెట్టుకోండి. మీటర్ మీద కనిపించే అంకెలో ఎలుక కండబలం కొంత, ఆ రోజు దాని మనసు కొంత, లాగే మీ చెయ్యి కొంత కలిసి ఉంటాయి. ఎలుక మనసు, మీ చెయ్యి రోజుకో రకంగా ఉంటే కండబలం సంగతి ఎప్పటికీ తేలదు. కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ రెండింటినీ స్థిరంగా ఉంచడానికే.

ముందు అనుమతి

ఎలుకను ముట్టుకోవడానికి ముందే మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద జంతు ప్రయోగాల పర్యవేక్షణకు కేంద్రం వేసిన కమిటీని ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. పాతవాళ్ల నోట ఇంకా సీపీసీఎస్‌ఈఏ అనే వస్తుంది. రెండూ ఒకటే. అనుమతి దరఖాస్తు అయిన ఫారం బి నింపేటప్పుడు "బిహేవియరల్ టెస్టులు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ టెస్టు, వారానికి ఎన్నిసార్లు, ఒక్కో ఎలుకను ఎన్నిసార్లు లాగుతారు, ఎలుక ఏ స్థితికి వస్తే టెస్టు ఆపేస్తారు అనేవి విడివిడిగా రాయండి. చివర్లో మత్తు ఇచ్చి కండరం బలం నేరుగా కొలిచే ఆలోచన ఉంటే అది కూడా ఇప్పుడే అందులో చేర్చాలి. మధ్యలో గుర్తొస్తే కమిటీ మళ్లీ కూర్చునేదాకా ఆగాల్సి వస్తుంది.

ఏ టెస్టు దేన్ని కొలుస్తుంది

ఇక్కడ చాలామంది పొరబడతారు. రోటారాడ్ అనే తిరిగే కడ్డీ మీద ఎలుక ఎంతసేపు నిలిచిందో చూసి "కండబలం తగ్గింది" అని రాసేస్తారు. 1957లో డన్హామ్, మియా ఆ పరికరం గురించి రాసింది మందుల వల్ల నరాల పనితీరులో వచ్చే లోపాన్ని పట్టుకోవడానికి. తిరిగే కడ్డీ మీద నిలబడాలంటే బ్యాలెన్స్ కావాలి, కాళ్ల మధ్య సమన్వయం కావాలి, ఓపిక కావాలి. మగత తెచ్చే డయజిపామ్ ఇచ్చిన ఎలుక టపీమని పడిపోయిందంటే దాని కండలు ఆ అరగంటలో కరిగిపోయాయని కాదు కదా. రోటారాడ్ చేయండి, కానీ దాన్ని బలం కింద లెక్క కట్టకండి.

బలం వేరు, ఓర్పు వేరు. బస్తా బియ్యం ఒక్క ఊపులో భుజానికెత్తే మనిషి అలిపిరి నుంచి కొండ మీదికి ఆగకుండా నడవగలడని లేదు. గ్రిప్ మీటర్ చూపించేది బస్తా ఎత్తే బలాన్ని, అంటే ఆ క్షణంలో వచ్చే గరిష్ఠ బలాన్ని. వల తలకిందులు చేసి వేలాడదీసే టెస్టు, ట్రెడ్‌మిల్ ఎక్కువగా చెప్పేది ఓర్పు గురించి. కండర క్షీణత పరిశోధనల్లో వాడే ఎమ్‌డీఎక్స్ చిట్టెలుకల్లో డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఉండదు. వాటిని వరసగా లాగుతూ పోతే మొదటి లాగుడికీ చివరి లాగుడికీ పట్టు ఎలా పడిపోతుందో చూడటం కూడా ఒక కొలతే. మీ ప్రశ్న ఏమిటో ముందు ఒక కాగితం మీద రాసుకొని, ఆ తర్వాతే టెస్టును ఎంచుకోండి.

ఈ వ్యాసంలో ర్యాట్‌ను ఎలుక అని, మౌస్‌ను చిట్టెలుక అని అంటున్నాను. రెండింటికీ ఒకే మీటర్ పెట్టొద్దు. పెద్ద చిట్టెలుక ముందు కాళ్ల పట్టు వంద గ్రాముల బలానికి అటూ ఇటూగా ఉంటుంది. ఎలుక దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఎలుకల సెన్సర్ మీద చిట్టెలుకను పెడితే చిన్న తేడాలు కనిపించవు. చిట్టెలుకల సెన్సర్ మీద ఎలుకను పెడితే సెన్సరే పాడవుతుంది.

టెస్టుకు వారం ముందు నుంచి

ఎలుకలు మీకు అలవాటు కావాలి. రోజూ కొన్ని నిమిషాలు చేతిలోకి తీసుకోండి. చిట్టెలుకను తోక పట్టి పైకి లేపడం మన దగ్గర పాత అలవాటు. అలా పట్టిన వాటికి భయం ఎక్కువని, రెండు అరచేతుల్లో తీసుకున్నా, చిన్న గొట్టంలోకి ఎక్కించుకొని తీసుకున్నా ఆ భయం తగ్గుతుందని 2010లోనే తేల్చారు. పెద్ద ఎలుక తోకను చివర పట్టుకొని మాత్రం ఎప్పుడూ లాగొద్దు. ఆ చర్మం తొడుగులా ఊడి చేతికి వస్తుంది. పట్టుకుంటే మొదలు దగ్గరే పట్టుకోవాలి.

లాగేది మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే మనిషి కావాలి. పరీక్షలున్నాయనో ఊరికి వెళ్తున్నాననో మధ్యలో ఫ్రెండ్‌కు అప్పగిస్తే, ఆ వారం వచ్చిన తేడా మందుదో చెయ్యి మారడం వల్లదో ఎవరూ చెప్పలేరు. వాసన సంగతి కూడా ఉంది. మగ పరిశోధకుల వాసనకే ఎలుకల్లో స్ట్రెస్ పెరుగుతుందని 2014లో ఒక పరిశోధన చూపించింది. కాబట్టి ఆ రోజుల్లో సెంటు, జడలో మల్లెపూలు, గుడి నుంచి నేరుగా వచ్చినప్పటి గంధం, కర్పూరం వాసనలు లేకుండా వెళ్లండి. గ్లోవ్స్ రోజూ ఒకే రకం వాడండి.

యానిమల్ హౌస్‌లో పనిచేసే అన్నతో, అక్కతో మంచిగా ఉండండి. ఎలుకలను రోజూ చూసేది వాళ్లు. "మేడమ్, ఆ నాలుగో బోనులోది రెండు రోజుల నుంచి సరిగా తినడం లేదు" అని వాళ్లు చెప్పే ఒక్క మాటకు మీ డేటాలో కనిపించే ఓ వింత అంకె అర్థమైపోతుంది. ఆ మాటను తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.

గ్రూపుల కోడ్ మీకు తెలియకుండా చూసుకోవడం కూడా ఈ వారంలోనే జరగాలి. ఏది కంట్రోల్, ఏది మందు ఇచ్చింది అన్నది ఇంకొకరు రాసి కవర్లో పెట్టాలి. తెలిస్తే చెయ్యి మనకు తెలియకుండానే మారుతుంది. మందు తిన్న ఎలుకను ఇంకో క్షణం ఓపిగ్గా పట్టుకోనిస్తాం, కంట్రోల్‌ను చటుక్కున లాగేస్తాం. మందు మొదలుపెట్టకముందే అన్నింటి పట్టు ఒకసారి కొలిచి, గ్రూపుల సగటు దాదాపు సమానంగా ఉండేలా పంచండి.

టెస్టు రోజు

మన ఊళ్లో దీని మీద ప్రత్యేకంగా చెప్పాలి. యానిమల్ హౌస్ ఒక బిల్డింగ్‌లో, ల్యాబ్ ఇంకో బిల్డింగ్‌లో ఉంటే, మే నెలలో పదకొండు గంటల ఎండలో బోనులను ట్రాలీ మీద పెట్టి ఆవరణ దాటించడం ఎలుకకు పెద్ద దెబ్బ. లోపల ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉన్న ప్రాణి ఒక్కసారిగా నలభైలోకి వస్తుంది. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, తడిపి పిండిన గుడ్డ కప్పి తీసుకురండి. వీలైతే మీటర్‌నే యానిమల్ హౌస్ పక్క గదికి తీసుకెళ్లండి. మీటర్ మోయడం సులువు, దానికి భయమూ ఉండదు.

గదిలోకి వచ్చాక అరగంట నుంచి గంటసేపు వాటిని అలా వదిలేయండి. ఏసీ శబ్దం, వెలుతురు, కొత్త వాసనలు అలవాటు కావాలి. మనకు వినిపించని పై స్థాయి శబ్దాలు వాటికి వినిపిస్తాయి. తాళం చెవుల గలగల, కారే కుళాయి కూడా వాటిని బెదిరిస్తాయి. పక్క వీధిలో వినాయక చవితి మైకులు మోగుతుంటే ఆ రోజు టెస్టు వాయిదా వేయండి. కరెంటు పోయి జనరేటర్ మొదలైనప్పుడు కూడా కాసేపు ఆగండి.

ఎలుకలు రాత్రి తిరిగే ప్రాణులు. మీరు పగలు చేసినా ఫర్వాలేదు, కానీ ప్రతిసారీ అదే గంటకు చేయాలి. కంట్రోళ్లన్నీ పొద్దున, మందు ఇచ్చినవన్నీ మధ్యాహ్నం చేశారంటే మీరు కొలిచింది పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఉన్న తేడా. వరసను చీటీలు వేసి కలపండి.

గ్రిప్ మీటర్ మీద లాగడం

ముందు మీటర్ నిజం చెబుతోందో లేదో చూడాలి. సెన్సర్ కొక్కేన్ని కిందికి వేలాడేలా తిప్పి, బరువు తెలిసిన రాయి తగిలించండి. చిట్టెలుకల మీటర్‌కు యాభై, వంద, రెండు వందల గ్రాములు. ఎలుకల మీటర్‌కు అర కేజీ, కేజీ. అంకె సరిగా వస్తే మీటర్‌ను మళ్లీ అడ్డంగా బిగించి, ఎలుక పట్టుకునే కడ్డీ తగిలించాక సున్నా చేయండి. కడ్డీ తగిలించకముందు సున్నా చేస్తే ఆ బరువు లెక్కలో కలుస్తుంది. గరిష్ఠ విలువ నిలిచి ఉండే మోడ్‌లో పెట్టండి. యూనిట్ గ్రాములా న్యూటన్లా అన్నది మొదటి పేజీలోనే రాసుకోండి. ఒక న్యూటన్ అంటే సుమారు 102 గ్రాముల బలం.

ఎలుకను తూచి బరువు రాసి, తోక మొదలు దగ్గర పట్టుకొని, రెండో చేత్తో ఒంటికి ఆసరా ఇస్తూ కడ్డీ దగ్గరికి దించండి. ముందు కాళ్లు వాటంతట అవే కడ్డీని అందుకుంటాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి కళ్లు పెట్టి చూడండి. రెండు పంజాలూ కడ్డీ చుట్టూ ముడుచుకున్నాయా? వెనక కాళ్లు దేన్నీ తన్నడం లేదు కదా? ఒళ్లు నేలకు సమాంతరంగా ఉందా? మూడింటికీ జవాబు సరిగా ఉంటేనే లాగాలి. కడ్డీ ఎత్తులోనే, తిన్నగా వెనక్కి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున, ఎక్కడా గుంజకుండా లాగండి. పట్టు వదిలిన క్షణంలో ఉన్న గరిష్ఠ విలువే మీ అంకె.

వేగం మీద పట్టు రావాలంటే ప్రాక్టీస్ కావాలి. చటుక్కున లాగితే అంకె పెద్దదిగా వస్తుంది. పైకి లాగితే ఒక అంకె, కిందికి లాగితే ఇంకో అంకె. అసలు ప్రయోగానికి ముందు మెత్తటి రబ్బరు బ్యాండు కడ్డీకి తగిలించి, టేబుల్ మీద స్కేలు అంటించి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ చెయ్యి ఒకే వేగంతో కదిలేదాకా సాధన చేయండి. ఇది చేసినవాళ్ల డేటాకూ చేయనివాళ్ల డేటాకూ తేడా గ్రాఫులోనే కనిపిస్తుంది.

ఒక్క పంజాతో పట్టుకున్నా, మధ్యలో వెనక్కి తిరిగినా, కడ్డీని కొరికినా, లాగకముందే వదిలేసినా ఆ లాగుడు లెక్కలోకి రాదు. కొట్టేసి, కారణం రాసి, మళ్లీ చేయండి. సరైనవి ఐదు వచ్చేదాకా చేసి, పెద్దవి మూడింటి సగటు తీసుకోవడం ఒక మంచి పద్ధతి. అన్నింటికన్నా పెద్దది ఒక్కటే తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, నియమం మొదటి ఎలుకకు ముందే రాసిపెట్టాలి, అంకెలు చూశాక కాదు. లాగుడుకూ లాగుడుకూ మధ్య నిమిషం విశ్రాంతి ఇవ్వండి. ఎంతసేపటికీ పట్టుకోని ఎలుకను పదే పదే సతాయించకండి. బోనులో పెట్టి, కాసేపాగి చివర్లో చూడండి. టెస్టును రోజూ చేయడం కూడా మంచిది కాదు. వదిలేస్తే పని అయిపోతుందని అవి నేర్చుకుంటాయి. చాలా ప్రయోగాలకు వారానికోసారి చాలు.

ప్రతి ఎలుక తర్వాత కడ్డీని డెబ్బై శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. డయాబెటిస్ తెప్పించడానికి స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన ఎలుకలతో ఇది ఇంకా ముఖ్యం. అవి విపరీతంగా మూత్రం పోస్తాయి, పంజాలు, పొట్ట ఎప్పుడూ తడిగా ఉంటాయి. తడి పంజా జారిపోతుంది, మీటర్ తక్కువ చూపిస్తుంది, మనం డయాబెటిస్ వల్ల బలం పోయిందని రాసేస్తాం. లాగే ముందు టిష్యూతో పంజాలు అద్ది ఆరబెట్టండి. ఇది కంట్రోళ్లకూ చేయాలి, లేకపోతే అదే ఇంకో తేడా అయి కూర్చుంటుంది.

గోళ్లు, పంజాలు ప్రతిసారీ చూడండి. గోరు విరిగినా, పంజా వాచినా, లాగుతుంటే కీచుమన్నా ఆ రోజుకు ఆ ఎలుకను వదిలేయాలి. నొప్పితో వదిలేసిన పట్టు కండబలం కాదు.

మీటర్ లేకపోతే

చిట్టెలుకలకు చవకలో అయ్యే మార్గాలున్నాయి. 1964లో కొండ్జీలా వాడిన తలకిందుల వల అందులో ఒకటి. సుమారు 43 సెంటీమీటర్ల చదరపు చట్రం, దానికి 12 మిల్లీమీటర్ల గళ్ల ఇనుప వల, అంచుల మీదుగా పైకి ఎక్కకుండా చుట్టూ చెక్క పట్టీ. హార్డ్‌వేర్ షాపులో వల కొని కార్పెంటర్‌కు ఇస్తే చేసిపెడతాడు. వల అంచుల మొనలకు టేపు చుట్టండి. చిట్టెలుకను మధ్యలో పెట్టి, రెండు సెకన్లలో మెల్లగా తిప్పి, అర మీటరు ఎత్తులో పట్టుకోండి. కింద ఊక మందంగా పోయాలి. పడేదాకా సెకన్లు లెక్కపెట్టి, అరవై దగ్గర ఆపేస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్నవి చాలావరకు ఆ అరవైనీ దాటేస్తాయి కాబట్టి బలంలో చిన్న పెరుగుదలలు ఇందులో దొరకవు, బాగా బలహీనపడినవే దొరుకుతాయి. లావుపాటిది త్వరగా పడుతుంది, అందుకే సెకన్లను ఒంటి బరువుతో గుణించి కూడా చూపించాలి. పెద్ద ఎలుకలకు ఈ టెస్టు పెట్టకండి, ఆ బరువుతో పడితే దెబ్బలు తగులుతాయి.

బరువులెత్తే టెస్టు ఇంకోటి. సన్నటి స్టీలు తీగ ఉండకు గొలుసు లింకులు ఒకటి, రెండు, మూడు అలా తగిలించి 20 గ్రాముల నుంచి 98 గ్రాముల దాకా ఏడు బరువులు తయారుచేస్తారు. గిన్నెలు తోమే స్టీలు పీచు లాంటి ఆ ఉండను చిట్టెలుక పట్టుకోగానే పైకి లేపి, మూడు సెకన్లు మోస్తుందా అని చూడాలి. మోస్తే తర్వాతి బరువు. ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఫలితం మాత్రం నిజంగా బలానికి దగ్గరగా ఉంటుంది.

అంకెలతో జాగ్రత్త

పట్టును ఒంటి బరువుతో భాగించి చూపించడం అందరూ చేస్తారు. అది ఒక్కటే చూపిస్తే మోసపోతాం. ఉదాహరణకు 30 గ్రాముల చిట్టెలుక 120 గ్రాముల బలంతో లాగిందనుకోండి, నిష్పత్తి 4. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాక అది 24 గ్రాములకు చిక్కి, 100 లాగింది. నిష్పత్తి 4.17. గ్రాఫులో చూస్తే బలం పెరిగినట్టే ఉంటుంది, నిజానికి ఆరో వంతు పోయింది. కొవ్వు మేత పెట్టిన ఎలుకల్లో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. కండ అలాగే ఉన్నా, కొవ్వు పెరిగి బరువెక్కితే నిష్పత్తి పడిపోతుంది. అసలు విలువ, బరువు, నిష్పత్తి మూడూ ఇవ్వండి. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను అడిగి బరువును కోవేరియట్‌గా, అంటే ఫలితాన్ని మార్చగల ఇంకో అంశంగా పెట్టి విశ్లేషించడం ఇంకా మంచిది.

ఎనిమిది ఎలుకలను ఐదేసి సార్లు లాగితే మీ దగ్గర ఉన్నది ఎనిమిది, నలభై కాదు. నలభై అని పెట్టి లెక్కకడితే తేడా లేనిచోట కూడా తేడా పుట్టుకొస్తుంది. ఆడ, మగ ఎలుకల అంకెలను ఒకే కుప్పలో వేయకండి.

మత్తులో నేరుగా కొలవడం

గ్రిప్ తగ్గిందంటే కారణం కండరమే కానక్కర్లేదు. డయాబెటిస్‌లో నరం దెబ్బతిన్నా, పంజా నొప్పిగా ఉన్నా, మందు వల్ల మగతగా ఉన్నా తగ్గుతుంది. కండరమే బలహీనపడిందని గట్టిగా చెప్పాలంటే ఎలుక ఇష్టాయిష్టాలతో పనిలేని కొలత కావాలి. ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు, నేర్పేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని కూడా. అందుకని పద్ధతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

పూర్తి మత్తులో ఉన్న ప్రాణికి ఒంటి వేడి ముప్పై ఏడు డిగ్రీల దగ్గర నిలబెట్టి, మోకాలి కింద ముందువైపుండే టిబియాలిస్ యాంటీరియర్ స్నాయువును దారంతో ఫోర్స్ సెన్సర్‌కు కడతారు. సయాటిక్ నరానికి కరెంటు ఇస్తారు. కండరాన్ని కొంచెం కొంచెం సాగదీస్తూ, ఒక్కో చిన్న కుదుపుకు ఎక్కువ బలం ఏ పొడవు దగ్గర వస్తుందో చూసి అక్కడ ఆపుతారు. తర్వాత ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోతే కుదుపులన్నీ కలిసిపోయి నిలకడైన గరిష్ఠ బలం వస్తుంది. చివరికి కండరం తీసి, తడి ఆరకముందే తూచాలి.

లెక్క ఇలా ఉంటుంది. పాదం వేళ్లను చాపే ఈడీఎల్ కండరాన్ని చిట్టెలుక నుంచి తీసి ఆక్సిజన్ అందే ద్రావణంలో కొలిచారనుకుందాం. బరువు 10 మిల్లీగ్రాములు, పొడవు 13 మిల్లీమీటర్లు. ఈ కండరంలో నార పొడవు మొత్తం పొడవులో 0.44 వంతు, అంటే 5.72 మిల్లీమీటర్లు. కండర సాంద్రత 1.06. బరువును ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం సుమారు 1.65 చదరపు మిల్లీమీటర్లు. గరిష్ఠ బలం 370 మిల్లీన్యూటన్లు వస్తే, చదరపు సెంటీమీటరుకు 22 న్యూటన్ల పైచిలుకు. ఆరోగ్యంగా ఉన్న కండరంలో ఇరవైకి కాస్త పైన ఉండటం మామూలే. మొత్తం బలం తగ్గి ఈ విలువ మాత్రం అలాగే ఉంటే కండ సన్నబడింది. ఇది కూడా తగ్గితే ఉన్న కండ నాణ్యతే దెబ్బతింది. థీసిస్‌లో ఈ రెండూ వేర్వేరు కథలు, మందు పనిచేసే దారి కూడా వేరుగా ఉంటుంది.

రాసేటప్పుడు

మెథడ్స్‌లో "గ్రిప్ మీటర్‌తో బలం కొలిచాము" అన్న ఒక్క వాక్యం ఎవరికీ పనికిరాదు. జాతి, వయసు, ఆడా మగా, మీటర్ మోడల్, కడ్డీనా వలనా, ముందు కాళ్లా నాలుగు కాళ్లా, లాగినవాళ్లు ఒక్కరేనా, వాళ్లకు గ్రూపులు తెలుసా, ఏ గంటకు, ఎన్ని లాగుళ్లు, మధ్య ఎంత విశ్రాంతి, వేటిని కొట్టేశారు, సగటు ఎలా తీశారు... ఇవన్నీ రాయండి. కొట్టేసిన లాగుళ్లు ఏ గ్రూపులో ఎన్నో ఒక చిన్న పట్టికగా ఇస్తే, వైవాలో ఎక్స్‌టర్నల్ అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.